దగ్గర నుంచి తెల్లగా కనిపించిన పొలం

థెమిస్ వర్వేరిస్ నాకు చేసిన అన్యాయం ముందు చెప్పి, ఆ తర్వాతే నా సంగతి చెబుతాను. ముప్పై ఏళ్లు అతని సర్వే పనిలో గీతల కర్ర పట్టుకున్నాను. అతను మూడుకాళ్ల యంత్రం పక్కన నీడలో నిలబడి చేత్తో సైగ చేసేవాడు. నేను ముళ్లపొదల్లో కర్ర నిటారుగా పట్టుకుని, ఎడమకి అంటే ఎడమకీ, కుడికి అంటే కుడికీ జరిగేవాణ్ణి. పర్నోన్ కొండల్లో ఈ వైపున నా పాదం పడని గట్టు లేదు. అలాంటి నాకు ఒక ఊరి పొలాలన్నిటి భారం అప్పగించాడు. అదీ ఎలా? కోటు తొడుక్కుంటూ, కారు తాళం వెతుక్కుంటూ. చెప్పాల్సిన మాట చెప్పాడు, కాదనను. కానీ ఆరో తరగతితో బడి మానేసినవాడికి చెప్పే తీరు అది కాదు. కూర్చోబెట్టి చెప్పాలి. చేయించి చూడాలి. అతను చెయ్యలేదు. అందుకే ఇవాళ్టికీ బజారులో ఎదురైతే పక్క సందులోకి తిరుగుతాను.

ఊళ్లోవాళ్లు తప్పంతా నాదే అంటారు. అందులో అబద్ధం తక్కువే. అయినా అతని పేరు ముందు పెట్టకుండా నా పేరు పెట్టడం నాకు చేతకాదు.

ఆ చలికాలం మా కస్తానోరాహి ఊరి అటవీ పటం ఇంటర్నెట్‌లో పెట్టారు. విమానం నుంచి తీసిన ఊరి ఫొటో, దాని మీద రంగు. పచ్చ పూత పడిన నేల అడవి, అంటే సర్కారుది. పూత పడని నేలను మేం తెల్లనేల అనేవాళ్లం. తెల్లగా ఉంటే నీది. నీ పొలం మీద తప్పుగా పచ్చ పడితే గడువులోపు అభ్యంతరం పెట్టుకోవాలి. గడువు దాటిందా, దస్తావేజులు నీ పెట్టెలో ఉంటాయి, నేల మాత్రం వాళ్లదవుతుంది.

ఊళ్లో ఉన్నదంతా ముసలివాళ్లు. పట్నానికి దిగి, ఇంజినీరు ఆఫీసులో వరుసలో కూర్చునే ఓపిక ఎవరికుంది? అందుకని థెమిస్ తన పాత కంప్యూటర్ తెచ్చి అనార్గిరోస్ కాఫీ కొట్టులో, పొయ్యి పక్కన, పేకాట బల్ల మీద పెట్టాడు. ఎవరి పొలం పచ్చబడిందో చూసి తనకి ఫోన్ చెయ్యడం నా పని. మిగతా కాగితాలు తను చూసుకుంటానన్నాడు.

వెళ్తూ వెళ్తూ అన్నాడు: "సరాంతోస్, ఒక్కటి గుర్తుంచుకో. ఇది ఒకసారి చూసిన బొమ్మ ముక్కల్ని లోపల దాచుకుంటుంది. అక్కడ పటం మార్చినా నీకు దాచుకున్న పాతవే చూపిస్తుంది. చూసే ముందు ప్రతిసారీ తుడిచెయ్. ఈ మూడు మీటలు కలిపి నొక్కితే చాలు."

మూడు మీటల పేర్లు గోడ మీద పెన్సిల్‌తో రాసి పోయాడు. ఇప్పటికీ ఉన్నాయి.

మా ఊరికి ఇంటర్నెట్ స్తంభాల మీది రాగి తీగలో వస్తుంది. గాలి గట్టిగా వీస్తే అదీ రాదు. బొమ్మ ఒకేసారి పడదు, పలకలు పరిచినట్టు గడి తర్వాత గడి పడుతుంది. కానీ ఒకసారి చూసిన చోటికి మళ్లీ వెళ్తే గబుక్కున వచ్చేస్తుంది, కంప్యూటర్ దాచుకుంది కాబట్టి. ఇక తుడిచానా, మళ్లీ మొదటికే. వెనకాల పదిమంది నిలబడి చూస్తుంటారు.

"ఏరా సరాంతోస్, విమానం పెట్రోలుకి ఆగిందా?" అనేవాడు అనార్గిరోస్, కప్పులు తుడుస్తూ.

"నీ కాఫీ కంటే ముందే వస్తుందిలే," అనేవాణ్ణి.

మొదటి వారం తుడిచాను. రెండో వారం రోజుకి ఒకసారి తుడిచాను. తర్వాత మానేశాను. నన్ను చూడ్డానికి వచ్చేవాళ్లు, నేను మౌస్ కదిపీ కదపగానే పొలం తెర మీద పడితే నోళ్లు వెళ్లబెట్టేవాళ్లు. ముప్పై ఏళ్లు కర్ర పట్టుకున్న చేతికి ఆ చూపులు బాగున్నాయి. ఇంజినీరుగారూ అని కూడా పిలిచారు ఒకరిద్దరు, వెక్కిరింతకే అనుకోండి.

మా పక్క పొలం ముసలావిడ దియమాంతో పిన్నిది; దాన్ని వెతకాలంటే ముందు నా పొలం దొరకాలి. ఆమెది పైనుంచి చూస్తే దట్టమైన చెట్ల గుంపు, అంతే. ఏ గట్టు ఎక్కడుందో కనబడదు. ఒకప్పుడు అది గోధుమ పండిన మెట్ల పొలం. ఆమె, ఆమె మొగుడు వాంగెలిస్ డెబ్భై నాలుగులో గోధుమ మానేసి చెస్ట్‌నట్ మొక్కలు నాటారు, అంటుకట్టారు. ఇప్పుడవి కొమ్మా కొమ్మా కలిసిపోయి అడవిలా ఉన్నాయి. దాని పక్కనే, రాతి గోడకి ఇవతల, నా చెర్రీ తోట. మధ్యలో బంగాళాదుంపల సాళ్లు. దువ్విన తలలాగా ఎంత పైనుంచైనా గుర్తుపట్టొచ్చు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆమెది చూడ్డానికి అడవి, నిజానికి పొలం. నాది చూడ్డానికి పొలం, నిజానికి అడవి. నేను పుట్టకముందు, యాభై ఎనిమిదిలో, మా నాన్న అక్కడి దేవదారు చెట్లు కొట్టి నేల చదును చేశాడు. ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు. మా ఊళ్లో అలాంటి పొలాలు ఇంకా ఉన్నాయి. ఒకరిది ఒకరు బయటపెట్టుకోరు. పటం గీసినవాళ్లకి మాత్రం తెలీదు. సాళ్లు చూసి నాది తెల్లగా వదిలేశారు. మొదట్లో ఆమెదీ తెల్లగానే వదిలేశారు. జనవరిలో రెండూ చూసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత రోజుకి రెండుసార్లు నా తోట తెర మీదికి తెచ్చి చూసుకునేవాణ్ణి, బాగా దగ్గరగా, చెట్టు చెట్టూ లెక్కపెట్టేంత దగ్గరగా. పక్కన ఆమె చెట్లూ పడేవి. ఆ ముక్కలన్నీ కంప్యూటర్ దాచుకుంది.

మార్చి తొమ్మిది నా పేరు రోజు, నలభై మంది అమరుల పండుగ; సరాంతోస్ అంటే నలభై అనే కదా. ఆ పేరున్నవాడు అందరికీ తాగించాలి. ఉపవాసాల నెల, మాంసం, పాలు, గుడ్డు ముట్టం కాబట్టి ఆలివ్‌లు, ఆక్టోపస్ ముక్కలు, అనార్గిరోస్ భార్య చేసిన హల్వా. పదకొండింటికే కొట్టు నిండింది. నేను రెండు గ్లాసులు వేసి మూడోది పోయించుకుంటుండగా థెమిస్ ఫోన్ చేశాడు.

"నూరేళ్లు బతుకు, సరాంతోస్. విను. నిన్న సాయంత్రం మీ ఊరి పటం సవరించి మళ్లీ పెట్టారు. కొన్ని తెల్లవి పచ్చ చేశారు. అందరివీ మళ్లీ చూడు. ముందు తుడువు, మర్చిపోకు. గడువు ఇరవయ్యో తారీకు."

"సరే," అన్నాను. "చూస్తాను."

ఫోన్ జేబులో పెట్టేలోపే గుమ్మంలో దియమాంతో పిన్ని నిలబడి ఉంది. ఎనభై మూడేళ్ల మనిషి, నల్ల తలగుడ్డ, చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం. మా వైపు ముసలి ఆడవాళ్లు కాఫీ కొట్టులోకి రారు. గడప దాకా వస్తారు.

"నీ పేరు రోజని వాల్‌నట్లు తెచ్చాను రా," అంది. "తేనెలో వేశాను. పాలూ గుడ్డూ లేవు, భయపడకు."

"లోపలికి రా పిన్నీ. కుర్చీ ఖాళీ చెయ్యండ్రా."

"నాకెందుకు కుర్చీ. బస్సులో ఎవరో అన్నారు, పటం మార్చారట కదా? నాది ఒక్కసారి చూసి చెప్పు, పోతాను."

అందరూ నా వైపు తిరిగారు. నేను గ్లాసు పట్టుకునే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కొట్టులో సందడి కదా, తుడిచి కూర్చుంటే ఎంతసేపని? తుడవలేదు. ఊరంతా కనబడేలా దూరం బొమ్మ తెరిచాను. అంత దూరం నుంచి ఊరిని నేనెప్పుడూ చూడలేదు, చూడాల్సిన అవసరం రాలేదు. అందుకని ఆ ముక్కలు లోపల లేవు, తీగలోంచి అప్పటికప్పుడు కొత్తవి వచ్చాయి. మెల్లగా ఒక్కో గడి పడింది. నా తోట తెల్లగా ఉంది. దాని పక్కన, వేలి గోరంత మేర, పచ్చ పూత.

"అదేంట్రా," అన్నాడు అనార్గిరోస్ నా భుజం మీదుగా వంగి, "పిన్ని చెట్ల మీద పచ్చగా ఉందే?"

నేను ఇంకా దగ్గరికి వెళ్లాను. దగ్గరి ముక్కలు గబుక్కున పడ్డాయి. పచ్చ లేదు. ఆమె చెట్లు జనవరిలో చూసినట్టే, ఏ పూతా లేకుండా ఉన్నాయి. దూరం జరిగాను. పచ్చ. దగ్గరికి. తెలుపు.

ముప్పై ఏళ్ల పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే: దూరం నుంచి కన్ను మోసం చేస్తుంది, రాయి దగ్గరికెళ్లి కర్ర నిలబెడితేనే నిజం తెలుస్తుంది. నేల మీద అది ఎన్నడూ తప్పలేదు. ఆ తెర మీద అది తలకిందులని నాకు తెలియదు అని చెబితే బాగుండును. చాలామందికి అలాగే చెప్పాను. కానీ థెమిస్ ఫోన్ పెట్టేసి పట్టుమని పది నిమిషాలు కాలేదు. పాతవి దాచుకుంటుందన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. గబుక్కున పడేవి పాతవని రెండు నెలల నుంచీ నా వేళ్లకి తెలుసు. మూడు మీటలు నొక్కి తుడిస్తే తేలిపోతుంది. నా చెయ్యి మీటల మీదే ఉంది.

నాకు అప్పుడు కనబడింది ఆమె పొలం కాదు. ఆమె అభ్యంతరం పెడితే అటవీ ఆఫీసువాళ్లు నలభై ఐదులో విమానం నుంచి తీసిన నలుపు తెలుపు ఫొటో తెప్పిస్తారు. అప్పుడు పొలమా, అడవా అన్నది దాంట్లో చూస్తారు. ఆ ఫొటోలో ఆమెది గోధుమ పొలం. ఆ ముక్కలోనే, గోడకి ఇవతల, మా నాన్న ఇంకా గొడ్డలి ఎత్తని దేవదారు చెట్లు.

"పాత బొమ్మ," అన్నాను. "దూరం నుంచి చూపించేది పాత బొమ్మ. మెషీన్ దాచుకుంటుంది. దగ్గరిదే కొత్తది. నీది తెల్లగానే ఉంది పిన్నీ."

థెమిస్ చెప్పిన మాటనే తిరగేసి చెప్పాను. అనార్గిరోస్ తల ఊపాడు. వాడికేం తెలుసు.

"తెల్లగా ఉందంటావా?" అంది ఆమె గడపలోంచి.

"నేను చెబుతున్నా కదా."

"అయితే సరే. నీకు నూరేళ్లు," అని పళ్లెం కిటికీలో పెట్టి వెళ్లిపోయింది.

ఇరవయ్యో తారీకు వచ్చింది, వెళ్లింది. మధ్యలో పదకొండు రోజులున్నాయి. ఆ పదకొండు రోజుల్లో నేను రెండు రాత్రులు తుడిచి చూద్దామనుకున్నాను. పొద్దున్నే లేచాక, చూస్తే తెలిసిపోతుంది కదా అనిపించి మానేశాను. తెలియనంత వరకూ నేను పొరపాటు పడ్డవాణ్ణే. తెలిస్తే వేరే ఏదో అవుతాను.

మే నెల వానలకి ఆమె పొలంలో పైమెట్టు గోడ కూలింది. రాళ్లు పేర్పించడానికి మట్టి తవ్వే చిన్న మెషీన్ ఒకటి పిలిపించుకుంది. మెషీన్ పని మొదలెట్టగానే అటవీ గార్డు వచ్చి ఆపేశాడు. ఇది సర్కారు అడవి, అనుమతి లేకుండా రాయి కదపకూడదు, కొమ్మ నరకకూడదు అన్నాడట. ఆమె వాంగెలిస్ పేరున్న దస్తావేజు చూపిస్తే, పటంలో చూడమ్మా అన్నాడట.

సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. కోళ్లకి గింజలు చల్లుతున్నాను.

"నువ్వు తెల్లగా ఉందన్నావు కదరా," అంది.

"ఆ రోజు తెల్లగానే ఉంది పిన్నీ. ఆ తర్వాత మార్చుంటారు. థెమిస్‌ని అడుగు. అతనికి తెలియాలి, నాకు చెప్పాలి. చెప్పలేదు."

అంత సులువుగా వచ్చింది నోటికి. ఆమె మర్నాడు పొద్దుటి బస్సుకి పట్నం దిగింది. ఎనభై మూడేళ్ల మనిషి, ఆ మలుపుల్లో ప్రతిసారీ వాంతులయ్యే మనిషి.

రెండో రోజు థెమిస్ కారు కాఫీ కొట్టు ముందు ఆగింది. అతను దిగి నేరుగా కంప్యూటర్ దగ్గరికి పోయాడు. దియమాంతో పిన్ని గడపలో నిలబడింది. దూరం బొమ్మ తెరిచాడు: పచ్చ. దగ్గరికి వెళ్లాడు: తెలుపు. ఒక్క క్షణం అలా చూసి, గోడ మీది పెన్సిల్ రాత వైపు చూసి, మూడు మీటలు నొక్కాడు.

తెరంతా బూడిద రంగుకి తిరిగింది. అందరం నిలబడి చూస్తున్నాం. పైవరస గడులు పడ్డాయి. రెండో వరస. నా తోట పడింది, తెల్లగా. దాని పక్క గడి కోసం చాలాసేపు పట్టింది. పడ్డప్పుడు పచ్చగా పడింది. ఆమె చెట్లు, గోడ, మెట్లు, అన్నీ పచ్చ పూత కింద.

"ఈ ముక్క అక్కడ ఎప్పుడు పెట్టారో ఇందులో ఉంటుంది," అన్నాడు థెమిస్, ఏదో కిటికీ తెరిచి. "మార్చి ఎనిమిది. నీకు తొమ్మిదిన ఫోన్ చేశాను, సరాంతోస్. నీ పేరు రోజు. గుర్తుందా?"

"తుడిచే చూశాను," అన్నాను.

అనార్గిరోస్ కప్పు తుడవడం ఆపాడు. వాడు ఆ రోజు నా భుజం మీదుగా వంగి ఉన్నాడు. మళ్లీ తుడవడం మొదలెట్టాడు. నోరు విప్పి ఉంటే బాగుండేది.

"తుడిచి ఉంటే ఇందాకటి తెల్లముక్క మిగిలేది కాదు," అన్నాడు థెమిస్. "అది జనవరి ముక్క. జనవరి తర్వాత దీన్ని ఎవరూ తుడవలేదు. పోనీ దూరంది పచ్చ, దగ్గరిది తెలుపు కనబడితే నాకొక ఫోన్ కొట్టొచ్చుగా? ఒక్క ఫోన్. ముప్పై ఏళ్లలో కర్ర వంకరగా పట్టినప్పుడల్లా నువ్వే అరిచి చెప్పేవాడివి, మళ్లీ కొలవండి అని."

అంతమంది ముందు అన్నాడు. దానికే నేనతన్ని క్షమించలేదు. నిజం కాబట్టి కాదు, అంతమంది ముందు కాబట్టి.

తర్వాత బయటికి పిలిచాడు. కారు ముందు భాగం మీద ఒక పెద్ద కాగితం పరిచాడు. నలభై ఐదు నాటి ఫొటో.

"గడువు పోయింది. కానీ పటం కళ్లకి కనబడేంత తప్పు అయితే, దాన్ని సరిచెయ్యమని అడగడానికి గడువు లేదు. ఇదిగో చూడు." అతని వేలు ఒక లేత మచ్చ మీద ఆగింది. మెట్లు మెట్లుగా గీతలు, మధ్యలో నాణెంలాగా గుండ్రటి రాతి కళ్లం. "గోధుమ పొలం. ఇంతకంటే రుజువు ఎవడికీ దొరకదు. చెట్లు చేత్తో నాటినవని పక్క పొలంవాడు ఒకడు సంతకం పెట్టాలి. పైపక్క వాళ్లు ఆస్ట్రేలియాలో ఉన్నారు, కిందపక్క రోడ్డు. మిగిలింది నువ్వు."

నేను ఫొటో చూస్తున్నాను. లేత మచ్చకి ఆనుకుని, గోడకి ఇవతల, నల్లగా, చిక్కగా, గొర్రె ఉన్నిలాగా చెట్లు.

"ఇది నీది కదూ," అన్నాడు.

కాగితం అంచు గాలికి లేస్తుంటే అరచేత్తో నొక్కి పట్టాను.

"కాగితాన్ని ఇక్కడికి కత్తిరించి పంపలేను. ముక్క మొత్తం అడుగుతారు. చూసినవాడు గుడ్డివాడైతే తప్ప పక్కదీ చూస్తాడు. నీకు చెప్పకుండా పంపను. సంతకం పెడితే పంపుతాను. పెట్టకపోతే, ఆమెకి నువ్వే చెప్పు."

ఇదీ అతని న్యాయం. కత్తి నా చేతికిచ్చి తను కారెక్కాడు.

మూడు వారాలు అతను ఇచ్చిపోయిన సంతకం కాగితం మా అలమారలో ఉంది. చెర్రీలు పండాయి. రోజూ తోటకి వెళ్లాలంటే ఆమె పొలం పక్క నుంచే వెళ్లాలి. కూలిన గోడ రాళ్లు దారిలోకి దొర్లి ఉన్నాయి, ముట్టుకోవడానికి లేదు కదా. ఆమె రోజూ వచ్చి చెట్ల కింద పీట వేసుకుని కూర్చునేది. ఏ పనీ చేసేది కాదు. నన్ను చూస్తే, "వెళ్తున్నావా?" అనేది. "వెళ్తున్నా పిన్నీ," అనేవాణ్ణి. అంతే. సంతకం మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే ఆ కోపం మీద కాగితం చింపేసి ఉండేవాణ్ణి.

చివరికి నేనే ఆగాను.

"థెమిస్ నీకు చెప్పాడా, నా సంతకం కావాలని?"

"చెప్పాడు."

"మరి అడగవేం?"

"ఏం అడగమంటావు. పెట్టేవాడివైతే పెడతావు."

"పెడితే నాదీ పోతుంది. తెలుసా?"

"తెలియకేం." ఆమె గోడ అవతల నా చెర్రీల వైపు చూసింది. "మీ నాన్న అక్కడ మొద్దులు పీకుతుంటే గడ్డపారకి రెండో కొస పట్టుకుంది మా వాంగెలిసే. నలభై రోజులు పీకారు. నేనే అన్నం తెచ్చేదాన్ని ఇద్దరికీ. ఆ బాకీ కిందే మీ నాన్న ఈ చెట్లకి గుంటలు తవ్వాడు."

నాకు ఒళ్లు మండింది. "బెదిరిస్తున్నావా పిన్నీ?"

"బెదిరించేదాన్నైతే మార్చిలోనే బెదిరించేదాన్ని. నాకు మోకాళ్లు పోయాయి గానీ కళ్లు పోలేదు. గడపలోంచి నాకూ కనబడింది రా ఆ పచ్చ."

"కనబడిందా?"

"కనబడింది. అనార్గిరోస్ అన్నాడు కూడా. నువ్వు కాదన్నావు. నువ్వు కాదన్నావు కాబట్టి కాదనుకున్నాను." పీట మీంచి లేవడానికి చెట్టు పట్టుకుంది. నేను చెయ్యి ఇవ్వబోతే వద్దంది. "ఇంటికి పోతూ అనుకున్నాను, ముప్పై ఏళ్లు కొలతలు పట్టినవాడు, వాడికి తెలియదా అని."

ఆమె కర్ర పట్టుకుని దారి దిగిపోయింది. నేను చెర్రీ బుట్ట పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అంతవరకూ నా తప్పుకి నేనొక్కణ్ణే సాక్షిని అనుకున్నాను. ఆమె కూడా చూసింది. చూసి, తన కళ్లని పక్కకి పెట్టి నా మాట తీసుకుంది. ఆ రోజు నేను నా తోట కోసం అబద్ధమాడాను అనుకుంటున్నాను గానీ, అక్కడ కొట్టులో ఇంజినీరులా కూర్చున్న ఆ పది నిమిషాలు కూడా నాకు తోట అంత ఇష్టమయ్యాయని, ఆ కుర్చీలోంచి 'నాకు తెలియదు, తుడిచి చూడాలి' అని చెప్పడం నాకు చేతకాలేదని, అప్పుడు తట్టింది. రెంటిలో ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేదు.

సంతకం పెట్టాను. మంచివాణ్ణని పెట్టలేదు. ఆ దారిన రోజూ నడవడం నా వల్ల కాక పెట్టాను. "ఈ చెట్లు దియమాంతో, వాంగెలిస్‌లు చేత్తో నాటినవి, గుంటలు మా నాన్న తవ్వాడు" అని నా చేతిరాతతోనే రాశాను. థెమిస్ అది చదివి, "గుంటల మాట అక్కర్లేదు," అన్నాడు. ఉండనీ అన్నాను. అతనితో నేను మాట్లాడిన చివరి మాట అదే.

ఏడాది పట్టింది. అటవీ ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఆమె పొలంలో చెట్ల మొదళ్లు వంగి చూశారు, అంటుకట్టిన ముడులు చేత్తో తడిమారు. ఒకాయన ఆకులు కాలితో తోసి కళ్లం రాళ్లు బయటపెట్టి నవ్వాడు. తర్వాత గోడ దాటి నా తోటలోకి వచ్చాడు. ఫొటో చూశాడు, నేల చూశాడు, నన్ను చూశాడు.

"ఇక్కడ ఏముండేది, తాతా?" అన్నాడు. నాకు యాభై ఆరు. తాతనంట.

"దేవదారు చెట్లు," అన్నాను. "మా నాన్న కొట్టాడు."

అతను రాసుకున్నాడు. అలా చెప్పేవాణ్ణి ఎప్పుడూ చూడలేదేమో, పెన్ను ఒక క్షణం ఆగింది.

తీర్పు కాగితం మొన్న ఏప్రిల్‌లో వచ్చింది. దియమాంతో పిన్ని పొలం మొత్తం అడవిలోంచి తీసేశారు. గోడ మళ్లీ పేర్పించుకుంది, నన్ను పిలవలేదు. దారిలో కనబడితే "వెళ్తున్నావా?" అంటుంది. ఎక్కడికని అడగదు. నాకు అటు వెళ్లే పని లేదిప్పుడు.

అదే కాగితం రెండో పేజీలో, కొత్తగా అడవిలో కలిపినవాటి కింద, నాది ఉంది, పేరు, సరిహద్దులు, కొలతతో సహా. చెర్రీ తోట, దుంప సాళ్లు, రాతి గోడలో నా వైపు సగం. కొలత సరిగానే ఉంది, నేనే మళ్లీ కొలిచి చూసుకున్నాను: 4,312 చదరపు మీటర్లు.